వాడు మూసిన పెట్టె

ఆ రోజు పెనుకొండలో, ఒక రేకుల ఇంట్లో, ఒక తల్లి ముందు కూర్చుని నేను తప్పు చెప్పాను. ఆమె కొడుకు తన చేత్తో మూసిన పెట్టెను తిప్పి తిప్పి చూసి, "ఇది కంపెనీ సీలే అత్తా. దీన్ని మూసింది మిషను, మనిషి కాదు" అన్నాను. తెలియక చెప్పి ఉంటే దాన్ని పొరపాటు అనేవాణ్ణి. నాకు సగం తెలుసు. తెలిసిన సగాన్ని మింగేసి, తెలియని సగాన్ని నిబ్బరంగా చెప్పాను.

ఆ కొడుకు నా స్నేహితుడు. అప్పటికి వాడు పోయి చాలా ఏళ్లయింది.

తొంభైలలో మేమిద్దరం ధర్మవరంలో ఒక పట్టుచీరల దుకాణంలో ప్యాకింగ్ పని చేసేవాళ్లం. నేను హిందూపురంలో రైలెక్కితే వాడు పెనుకొండలో ఎక్కేవాడు. సీటు దొరికినా కూర్చునేవాడు కాదు, తలుపు దగ్గరే నిలబడేవాడు. దుకాణం వెనక గదిలో ఒకే బల్లకు అటూ ఇటూ మా చోట్లు. చీరను అట్టమీద మడతపెట్టడం, పల్చటి ప్లాస్టిక్ కాగితం చుట్టడం, కాలే తీగతో అంచు అతికించడం, రెండు కొసలూ కవరు మూసినట్టు మడిచి వేడిగాలి కొట్టడం, ఇదీ పని. గాలి తగలగానే కాగితం ముడుచుకుని చీరకు చర్మంలా అతుక్కుపోయేది. చివరగా ఒక మూల గుండుసూదితో చిన్న పోటు పొడవాలి. గాలాడకపోతే జరీ నల్లబడుతుందని ఆ దుకాణంలో నమ్మకం. సూదిపోటు లేని చీర బయటికి పోయేది కాదు.

వాడిది ఎడమచేతి వాటం. నేను కుడి మడతను పైకి తెస్తే వాడు ఎడమ మడతను పైకి తెచ్చేవాడు. నా సూదిపోటు కుడి మూలన, వాడిది ఎడమ మూలన. మేం చుట్టిన రెండు పెట్టెలు పక్కపక్కన పెడితే ఒకటి ఇంకోదానికి అద్దంలో బొమ్మలా ఉండేది.

ఆ రోజుల్లోనే నేను హిందూపురంలో రైల్వే స్టేషను దారిలో ఒక చిన్న గది తీసుకుని వీడియో గేములు పెట్టాను. ఆదివారాలు పిల్లలు గంట లెక్కన ఆడుకునేవారు. ఆ గేముల క్యాసెట్లు కూడా అమ్మేవాణ్ణి. బెంగళూరు నుంచి అవి అట్టపెట్టెల్లో వచ్చేవి కానీ పైన ప్లాస్టిక్ ఉండేది కాదు. చూసినవాళ్లు "ఎవరో ఆడేసిన సరుకు" అని పెదవి విరిచేవారు. చీరలకు చుట్టే కాగితాన్ని వీటికీ చుడితే ఏం పోయిందన్న ఆలోచన నాది. చేతులు మాత్రం ఇద్దరివీ. మధ్యాహ్నం అన్నాలు తిన్నాక మిగులు ముక్కలు తీసి చుట్టేవాళ్లం. పెట్టె నిగనిగలాడుతూ, అప్పుడే ఏదో దేశం నుంచి దిగినట్టు తయారయ్యేది.

"పెండ్లికూతురికి చీర కట్టిచ్చినట్ల ఉండాది లే" అనేవాడు వాడు, పెట్టెను అరచేతిలో నిలబెట్టి.

అలవాటు కొద్దీ వాడి చెయ్యి దానికి కూడా సూదిపోటు పొడిచేది. మొదటిసారి చూసి నేను ఎగతాళి చేశాను. "దీంట్లో జరీ యాడుండాది రా నల్లబడేదానికి?"

"ఉండనీబ్బా. లోపలున్నోనికి ఊపిరాడద్దా?"

"లోపల ఎవరుండారు?"

"గంతులేసేటోడు. తెరమీద అంతసేపు ఎగిరి ఎగిరి వచ్చి పండుకోనుంటాడు."

నవ్వుకున్నాం. ఎగతాళి చేసిన నేను కూడా పొడవకుండా ఉండలేకపోయాను. చెయ్యి అలవాటు పడితే మాట వినదు.

ఒక సాయంత్రం నేను సరుకు లెక్క చూడాలని ధర్మవరంలో ఉండిపోయాను. వాడు ఒక్కడే రైలెక్కాడు. పెనుకొండ చేరకముందే తలుపులోంచి పడిపోయాడు. రైల్వేవాళ్లు వాడి సంచిని తెచ్చి ఇంట్లో ఇచ్చారు. నేను ఆ నెలే దుకాణం పని మానేశాను. వాళ్లింటికి దినాలకు పోయాను, తర్వాత పోవడం తగ్గించాను, ఆ తర్వాత పోనేలేదు. పెనుకొండ మీదుగా పోయేటప్పుడు కొండ కనపడగానే తల రెండోవైపు తిప్పుకునేవాణ్ణి.

ఏళ్లు గడిచాయి. ఇళ్లలోకి కంప్యూటర్లు వచ్చాయి, నా గేముల గదికి పిల్లలు రావడం మానేశారు. అదే గదిలో జెరాక్స్ మిషను పెట్టుకుని, ఫోన్లకు రీఛార్జి చేస్తూ కూర్చున్నాను. అప్పుడు వచ్చాడు బెంగళూరాయన. కంప్యూటరు ఉద్యోగం. చిన్నప్పుడు ఆడిన క్యాసెట్ల కోసం ఆదివారాల్లో చిన్న ఊళ్లు తిరిగేవాడు. అందులోనూ ఎవరూ విప్పని పెట్టెలే ఆయనకు కావాలి. విప్పని పెట్టెకూ, విప్పి మళ్లీ చుట్టిన పెట్టెకూ తేడా తెలుసుకోవడం ఆయనవల్ల అయ్యేది కాదు. నావల్ల అయ్యేది.

దానికి పెద్ద విద్య అక్కరలేదు. పెట్టెను కిటికీ దగ్గర ఏటవాలుగా పట్టుకోవాలి. ఫ్యాక్టరీ చుట్టిన కాగితానికి వెనకవైపు అతుకు నిలువునా గీత గీసినట్టు ఉంటుంది. కొసల్లో మడతలు రెండూ ఒకే కొలతలో ఉంటాయి. కాగితం లోపలి అట్టను అంతటా ఒకేలా లాగి పట్టుకుంటుంది. గాలి పోవడానికి సన్నని చిల్లులు ఉంటే ఉంటాయి. ఇంట్లో చుట్టినదైతే మూలల్లో కాలి గడ్డకట్టిన ప్లాస్టిక్ చుక్క ఉంటుంది, అతుకు అంచుకు జరిగి ఉంటుంది, కాగితం ఒక పక్క వదులుగా ఉంటుంది. వేలితో మీటితే ఒకటి మోగుతుంది, ఒకటి మోగదు.

ఆయన మొదట్లోనే చూపించిన పెట్టెల్లో ఒకటి నేను చుట్టిందే. కుడి మడత పైన, కుడి మూలన సూదిపోటు. చేతిలోకి తీసుకోగానే గుర్తుపట్టాను. చెప్పి ఉంటే, నా గదిలో కొత్తవని అమ్మినవి కొత్తవి కావని తెలిసిపోయేది. "ఫ్యాక్టరీదే సార్, ఈ చిల్లు గాలి పోయేదానికి" అన్నాను. ఆయన దాన్ని మెత్తటి గుడ్డలో చుట్టుకుని మురిసిపోయాడు. "గురూ, నీ కండ్లకు మొక్కాలప్పా" అన్నాడు. ఆ మాట నాకు రుచించింది. అప్పట్నుంచి ఆయన తెచ్చినవాళ్లంతా నా దగ్గరికే వచ్చేవారు. అనంతపురం నుంచి, కదిరి నుంచి కూడా పెట్టెలు తెచ్చి నా బల్లమీద పెట్టి, నోరు మూసుకుని నా మొహంలోకి చూసేవారు. జీవితంలో అంతకుముందు నా మొహాన్ని అంత శ్రద్ధగా చూసినవాళ్లు లేరు.

అలాంటి రోజుల్లో ఒక పొద్దున స్నేహితుడి నాయన వచ్చాడు. గొర్రెలు మేపుకునే మనిషి. భుజాన కంబళి, చేతిలో కట్టె. జెరాక్స్ మిషను పక్కన స్టూలు వేస్తే కూర్చోలేదు.

"ఏమబ్బా, గుర్తుండానా?"

"అదేం మాట మామా."

"ఏమో. ఆ పక్క రావడమే మానుకుంటివి గదా." కట్టెను గోడకు ఆనించాడు. "మావోని సంచిలో ఒక ఆటపెట్టె ఉండె. వాడు పోయిన దినం రైలోళ్లు తెచ్చిచ్చిందే. ఇన్నేండ్లు మీ అత్త ట్రంకుపెట్టెలో దాచుకునింది. ఇప్పుడు దాంతో తంటా వచ్చిండాది."

"ఏం తంటా?"

ఆయన వీధివైపు చూశాడు. "సప్పుడు చేస్తాదంట."

పాత మట్టి మిద్దె కూలిపోతే పోయిన ఏడాదే రేకుల ఇంట్లోకి మారారట. అప్పట్నుంచీ మధ్యాహ్నం పూట ట్రంకుపెట్టెలోంచి చప్పుడు వస్తోందట. ఆమె పనికి పోవడం మానేసి, అన్నం కూడా దాని పక్కనే తింటోందట. "ఈ పెట్టె వాడు కొనిందా, వాడు చేసిందా అని ఒకటే అడుగుతాది నన్ను. నాకేం తెలుసు? కొన్నదయితే సంతలో సరుకే గదా, బయట పారేద్దాం. నువ్వు వాని జతగానివి, ఇట్లాంటివి సూసి చెప్తావంట. వచ్చి ఒక మాట చెప్పిపో."

ఆ రోజే ఆయనతో పెనుకొండ పోయాను.

ఇల్లు కొండకింద, ఊరి చివర. పక్కన గొర్రెల దొడ్డి. అప్పటికే ఎండ ఎక్కింది, రేకుల కింద గది కాగుతోంది. ఆమె నేలమీద ట్రంకుపెట్టెకు ఆనుకుని కూర్చుని ఉంది. నన్ను చూసి లేవలేదు.

"సన్నబడితివి నాయనా" అంది. నేను లావెక్కి ఉన్నాను. ఆమె చూస్తున్నది నన్నేనా అని ఒక్క క్షణం అనుమానం వచ్చింది.

"మామ చెప్పినాడత్తా. ఏదో సప్పుడు వస్తాందంటనే."

"పలుకుతాది. పొద్దు నడినెత్తికొచ్చినాక."

"ఏమని పలుకుతాది?"

"ఏమనీ లేదు. ఉండానంటాది."

ఆమె మూత తెరిచింది. మడతపెట్టిన చొక్కాలు, వాటిమీద పెట్టె. ఆమె దాన్ని రెండు చేతులతో తీసి నా ముందు చాప మీద పెట్టింది. ఇన్నేళ్లలో రంగు వెలవలేదు, ప్లాస్టిక్ పగలలేదు. కత్తి పట్టుకుని ఎగురుతున్న ఒక బొమ్మ నావైపు చూస్తోంది. మామ గడపలో నిలబడ్డాడు. గొర్రెలు కూడా మెదలడం లేదు.

అప్పుడు నేనూ విన్నాను. గోటితో గాజును తట్టినట్టు, టిక్ మని. పెట్టెమీది కాగితం ఒక పక్క మెల్లగా పైకి ఉబ్బింది. నిద్రపోయేవాడి రొమ్ములా కాసేపు అలాగే ఉండి, మళ్లీ కిందికి దిగింది. మళ్లీ టిక్ మంది. ఎవరూ ముట్టలేదు. మామ మెల్లగా గడప దిగి బయటికి పోయాడు. ఆమె మొహంలో భయం లేదు. పక్కింట్లో మనవాళ్లు మాట్లాడుకుంటుంటే వినే మొహం అది.

ఆ చప్పుడు ఎందుకు వస్తుందో కాసేపటికి నాకు అర్థమైంది. రేకుల వేడికి లోపలి గాలి ఉబ్బుతుంది, ఎక్కడో సన్నని చిల్లులోంచి బయటికి పోతుంది. అర్థమైనా దాన్ని వెంటనే ముట్టలేకపోయాను.

పెట్టెను తీసుకుని తలుపు దగ్గరికి పోయి వెలుతురులో తిప్పాను. అతుకు వెనకవైపు నిటారుగా ఉంది. మూలల్లో కాలిన చుక్క లేదు. చక్కని పని. కొస చూశాను. ఎడమ మడత పైన ఉంది. ఎడమ మూలన ఒక్క చిల్లు. అద్దంలో నా చేతిని నేనే చూసుకున్నట్టు అనిపించింది. ఎదురుగా బల్లకు అవతల ఎవరో తల వంచుకుని ఉన్నట్టు, ఇప్పుడే తల ఎత్తబోతున్నట్టు అనిపించి, చూపు పక్కకు తిప్పుకున్నాను.

ఆ క్షణంలో నా మనసు ఏం చేసిందో దాచకుండా రాస్తాను. ఇది వాడి చెయ్యి అని చెబితే, అది నీకెట్లా తెలుసని అడుగుతారు. మేం ఇలా చుట్టి అమ్మేవాళ్లమని చెప్పాలి. ఆ మాట ఏదో ఒకరోజు బెంగళూరాయన చెవిన పడుతుంది. ఏ దేశం ఫ్యాక్టరీలోనో మడత ఎడమకు ఉండకూడదా అని నాకు నేనే ఒక సాకు చెప్పుకున్నాను. పైగా ఈమె ఇలా కూర్చుని ఎండిపోవడం కంటే, ఇందులో ఎవరూ లేరని తెలిస్తే లేచి పనికి పోతుంది, మేలు చేస్తున్నాను అనుకున్నాను. అబద్ధం చెప్పేవాడికి మేలు చేస్తున్నానన్న మాట ఎప్పుడూ చేతికందేంత దూరంలోనే ఉంటుంది.

"కంపెనీ సీలే అత్తా" అన్నాను. "దీన్ని మూసింది మిషను, మనిషి కాదు."

ఆమె చాలాసేపు నా చేతుల్లోకి చూసింది.

"బాగా సూసినావా?"

"సూసినా."

"మూసింది మావోడు కాదు."

"కాదత్తా."

ఆమె ట్రంకుపెట్టె మూత వేసింది, పెట్టెను నా చేతిలోనే వదిలేసి. మామ గడపలోకి తిరిగొచ్చి అన్నాడు, "ఇంగ దాన్ని ఈడ పెట్టొద్దబ్బా. నువ్వే ఎత్తుకపో. ఎవరికిచ్చుకుంటావో నీ ఇష్టం."

బస్సులో దాన్ని ఒళ్లో పెట్టుకున్నాను. కిటికీ పక్కన ఎండ పడుతోంది. పెట్టె టిక్ మంది. పక్కన కూర్చున్న పెద్దావిడ నా ఒళ్లోకి చూసి, "కోడిపిల్లలా?" అంది. కాదన్నాను. ఆమె నమ్మినట్టు లేదు. హిందూపురం వచ్చేదాకా మధ్యమధ్య దానివైపు చెవి పెడుతూనే ఉంది.

తర్వాతి ఆదివారం దాన్ని బెంగళూరాయనకు ఊరికే ఇచ్చేశాను. ఆయన కళ్లు పెద్దవయ్యాయి. గట్టి గాజులాంటి డబ్బాలో బిగించి పెట్టుకున్నాడు. ఆ డబ్బాలో అది చప్పుడు చెయ్యలేదు. హమ్మయ్య అనుకున్నాను.

కొన్ని వారాల తర్వాత మామ మళ్లీ వచ్చాడు. ఈసారి స్టూలు మీద కూర్చున్నాడు. మంచినీళ్లిస్తే చేతిలో పట్టుకున్నాడు, తాగలేదు.

"పెట్టె పాయె. సప్పుడు పోలేదబ్బా."

నేను జెరాక్స్ మిషను ఆపేశాను.

"ఒట్టి ట్రంకు కాడ కూసోనుంటాది. ఇనిపిస్తాందా అంటే ఇనిపిస్తాందంటాది. ఇంతకుముందన్నా నాతో నాలుగు మాటలు చెప్పేది. ఇప్పుడు పలకదు. మిషను మూసింటే మిషనే పలకల్ల గదా, వాడెందుకు పలుకుతాండాడు అంటాది. ఆ ఒక్క మాటే." ఆయన గ్లాసులోకి చూశాడు. "నేను నమ్మలేదులే. మొన్న గొర్రెలకు నీళ్లు పెట్టి ఇంట్లోకొస్తి. ఆమె లేదు, పెరట్లో ఉండాది. ట్రంకు మూసుండాది. నాగ్గూడ ఇనపడింది."

"రేకులయ్యింటాయి మామా. ఎండకు రేకులు పలుకుతాయి."

"అయ్యుండచ్చు" అన్నాడు, నా మాట కాదనడం ఇష్టం లేనట్టు. లేచి కట్టె తీసుకున్నాడు. "నువ్వు సూసి చెప్పినావు గదా. నీది తప్పని నేననడంల్యా."

ఆ మాటతో ఆయన వెళ్లిపోయాడు. తిట్టి ఉంటే నాకు సులువుగా ఉండేది.

మర్నాడు నేను ధర్మవరం రైలెక్కాను. అది వాడి చెయ్యేనన్న నా అనుమానం తప్పయితే బాగుండునన్న ఆశ ఇంకా ఉంది. పాత దుకాణంలో యజమాని మారాడు కానీ వెనక గది అదే, బల్ల అదే. బల్ల దగ్గర ఒక నడివయసు ఆమె చీరలు చుడుతోంది. ఒకప్పుడు ఇక్కడ పని చేశానని చెప్పి, వెంట తెచ్చుకున్న ఒక అట్టపెట్టె చుట్టుకుంటానని అడిగాను.

"చుట్టుకోన్నా. ఆ పక్క ఖాళీగానే ఉండాది" అని ఆమె ఎదురుగా ఉన్న చోటు చూపించింది. అది వాడు నిలబడే చోటు.

వాడిలా ఎడమ చేత్తో చుట్టి చూద్దామని వచ్చాను. కాగితం వేశాను, అతికించాను. ఎడమ మడతను పైకి తేవడం నావల్ల కాదనుకున్నాను. ఇన్నేళ్లూ నా ఎడమ చేత్తో గ్లాసు కూడా సరిగ్గా ఎత్తలేదు. కానీ ఆ చోట నిలబడగానే చేతులు వాటంతట అవే కదిలాయి. ఎడమది పైన, కుడిది కింద, ఒక్క ముడత లేదు. వేడిగాలి కొట్టాను. కాగితం బిగుసుకుంది. ఆమె నా వైపు గుండుసూది జరిపింది. నేను తీసుకున్నది ఏ చేత్తోనో చూసుకోలేదు. పొడిచాక చూస్తే పోటు ఎడమ మూలన ఉంది.

"ఎడంచేతోడివా నువ్వు?" అంది ఆమె.

"కాదమ్మా."

ఆమె నవ్వింది, నేను హాస్యమాడుతున్నానని. నేను చేతులు రెండూ జేబుల్లో పెట్టుకున్నాను. తలుపు దగ్గర పెట్టెను వెలుతురుకు పట్టి చూశాను. పెనుకొండలో నేను చూసిన పెట్టె, ఇది, పక్కపక్కన పెడితే కవలలు. అదే మడత, అదే మూల, అదే చిల్లు. ఫ్యాక్టరీ చిల్లని నేను ఎంతమందికో చెప్పినది, జరీ నల్లబడకుండా ఈ గదిలో పొడిచే పోటు. లోకంలో ఏ కంపెనీ అయినా ఆటపెట్టెలో జరీ ఉందని అనుకుంటుందా? మా దుకాణంలో పెరిగిన చేతులు మాత్రమే అలా అనుకుంటాయి. ఇక నాకు సగం తెలియడమన్నది లేదు.

ఆదివారం బెంగళూరాయన వచ్చేసరికి జెరాక్స్ గది షట్టరు సగం దించి కూర్చున్నాను.

"సార్, ఆ పెట్టె నాకు వాపసు కావల్ల."

"యాకప్పా, ఎందుకు? ఇచ్చింది వాపసు అడుగుతారా ఎవరన్నా?"

"అది ఫ్యాక్టరీ సీలు కాదు. నా స్నేహితుడు చుట్టినాడు. వాళ్లమ్మకు ఇయ్యల్ల."

ఆయన నవ్వాడు, తర్వాత నవ్వు ఆపాడు. "నువ్వే గదా గురూ ఫ్యాక్టరీ అన్నది. కిటికీ కాడ తిప్పి తిప్పి చూసి."

"అబద్ధం చెప్పినా."

అక్కడితో ఆపేసి ఉండొచ్చు. ఆపితే మళ్లీ సగమే అవుతుంది. చీరల కాగితం సంగతి, సూదిపోటు సంగతి, ఆయన మొదట్లో నాకు చూపించిన పెట్టె నేను చుట్టిందేనన్న సంగతి చెప్పాను. ఆయన మొహం మెల్లగా ఎర్రబడింది.

"అంటే ఇన్ని దినాలు నువ్వు చుట్టిందాన్ని నువ్వే చూసి, భేష్ అంటా ఉన్నావు."

"అవును సార్."

"ఇంకా ఎన్ని ఉన్నాయప్పా నా బీరువాలో?"

"చూస్తే గానీ తెల్దు."

ఆయన లేచి షట్టరు కింది నుంచి వంగి బయటికి పోయాడు. కారు దాకా పోయి, కాసేపు నిలబడి వెనక్కి వచ్చాడు. "దొంగ చేతికి తాళాలిచ్చినట్టాయె నా పని" అన్నాడు. వచ్చే వారం పెట్టె తెచ్చిస్తానన్నాడు. మాట నిలబెట్టుకున్నాడు. నా కళ్లకు మొక్కాలన్న మాట మాత్రం ఆ తర్వాత ఎవరి నోటా వినలేదు.

పెనుకొండకు మధ్యాహ్నం పోవడానికి ధైర్యం చాలక, పొద్దున్నే పోయాను. మామ గొర్రెల్ని ఇంకా తోలుకుపోలేదు. ఆమె ట్రంకుపెట్టె దగ్గరే ఉంది. చాప లేదు, నేలమీదే కూర్చుని పెట్టె ఆమె ముందు పెట్టాను.

"నేను తప్పు చెప్పినానత్తా. దీన్ని మూసింది మీవోడే."

నేను ధర్మవరంలో చుట్టిన పెట్టె తీసి పక్కన పెట్టాను, మడత చూపించాను, పోటు చూపించాను. వాడు ఎడమ చేత్తో ఎలా మడిచేవాడో గాలిలో చేసి చూపించాను. ఎందుకు అబద్ధం చెప్పానో కూడా చెప్పాను. ఆ మాట చెబుతున్నప్పుడు మామ మొహం వైపు చూడలేకపోయాను.

"నీ పేరు పోతాదని, వాని చెయ్యి కాదంటివా?" అన్నాడు మామ, గడపలోంచి.

"అవును మామా."

"మిషనంటివి గదబ్బా వాన్ని." ఆయన గడప దిగాడు. దొడ్డి తడిక తీసిన చప్పుడైంది. గొర్రెలు గిట్టల చప్పుడుతో దూరమయ్యాయి.

ఆమె వేలితో మడతను తడిమింది. కొసదాకా పోయి, మళ్లీ వెనక్కి వచ్చింది.

"అన్నం గూడ ఎడం చేత్తోనే తింటాంటే చేతిమీద కొడితి, సిన్నప్పుడు" అంది. పెట్టెను ఒకసారి తిప్పి చూసి, "లోపలేముండాది?" అని అడిగింది.

"ఆట ఉంటాదత్తా. ఇంకేమన్నా పెట్నాడేమో నాకు తెల్దు. కోసి సూడమంటావా?"

"వాడు మూసింది నువ్వెట్ల తెరుస్తావు?" కోపం లేకుండానే అంది. "ఏముంటే ఏమి. మూసింది వాడే గదా." పెట్టెను చొక్కాలమీద పెట్టింది, మూత మాత్రం వెయ్యలేదు. కాసేపటికి మళ్లీ నావైపు తిరిగింది. ఆ రోజు మొదటిసారి నన్నే చూసింది.

"వాని చేతివి ఇంకా యాడన్నా ఉంటాయా నాయనా?"

ఉండొచ్చన్నాను.

ఆ ఆదివారం నేనే బెంగళూరు పోయాను. ఆయన తలుపు తీసి, మాట్లాడకుండా బీరువా చూపించి, పక్కన కుర్చీలో చేతులు కట్టుకుని కూర్చున్నాడు. ఒక్కో పెట్టెనూ కిటికీ దగ్గరికి తీసుకెళ్లి చూశాను. ఫ్యాక్టరీవి ఒక పక్క పెట్టాను. నేను చుట్టి అమ్మితే ఎవరెవరి చేతుల మీదుగానో తిరిగి ఆయన దగ్గరికి చేరినవి, నేను అనుకున్నదానికంటే ఎక్కువే తేలాయి. ప్రతిదాని వెనకా ఇది నేను చుట్టిందని నా పేరు రాసి సంతకం పెట్టాను, ఇంకెవరూ మోసపోకుండా. ఎడమ మడతవి రెండు దొరికాయి. వాటిని ఇమ్మని అడగడానికి నోరు రాక చేతిలో పట్టుకుని నిలబడ్డాను. ఆయన కుర్చీలోంచి లేచి, లోపలి నుంచి ఒక గుడ్డసంచి తెచ్చి నాకిచ్చాడు. రెండింటినీ అందులో పెట్టుకుని, పెనుకొండ మీదుగా పోయే రైలెక్కి, తలుపుకు దూరంగా కూర్చున్నాను.